అంకులి ఇంటికి కారు వచ్చిన కథ: ఒక సవరణ

ముందుగా ఒక తప్పు దిద్దుకోవాలి. మూడేళ్ళ కింద మన మగ్గాల గురించి ఇక్కడే రాస్తూ "అంకులిలో ఫియట్ కారు కోసం మొట్టమొదట పేరు నమోదు చేసుకున్నది మా తాతగారే" అని నేనొక వాక్యం రాశాను. చాలామంది చదివారు, బాగుందన్నారు. విశాఖపట్నం నుంచి ఒక అత్తయ్య ఫోన్ చేసి కళ్ళనీళ్ళు పెట్టుకుంది కూడా. ఆ వాక్యం తప్పు. పేరు నమోదు చేసుకున్నది మా తాత కాదు, తాత అన్నగారు, అంటే మా పెదతాత.

ఇంత చిన్న విషయానికి ఇంత పెద్ద సవరణ ఎందుకంటారేమో. ఈ ఒక్క మాట మీద మన రెండిళ్ళ మధ్య నలభై ఏళ్ళు మాటలు సరిగా లేవు. మా వైపు చెప్పుకునే కథ ఇదీ: "1962లో, చైనా యుద్ధం ఏడాది, తాత పద్మిని కారు బుక్ చేశాడు. పన్నెండేళ్ళు ఎదురుచూశాడు. తీరా వంతు వచ్చాక, ఇంటి పెద్దగా అన్నగారు అడ్డుపడి డిపాజిట్ డబ్బు వెనక్కి తీసేసుకున్నాడు." మా మామ్మ ఈ కథ చెప్పినప్పుడల్లా చివర్లో ఒక నిట్టూర్పు ఉండేది. ఆ నిట్టూర్పు కూడా కథలో భాగమే అన్నమాట.

నేను ఉద్యోగరీత్యా సాఫ్ట్‌వేర్ టెస్టర్ని. ఎవరో రాసినది పని చేస్తోందా లేదా అని తిప్పి తిప్పి చూడ్డమే నా పని. అయినా సొంతింటి కథని ఎప్పుడూ టెస్ట్ చెయ్యలేదు. 2019లో మామ్మ పోయాక ఆవిడ ట్రంకు పెట్టె తెరిస్తే ఒక పోస్టాఫీసు పాసుబుక్కు, తాత చిట్టా పుస్తకం, ఒక పోస్టుకార్డు దొరికాయి. వాటిని చదవడానికే నాకు చాలా రోజులు పట్టింది. పదో తరగతి దాకా నేను చదివింది బెంగళూరులో కన్నడ మీడియం. తెలుగు అక్షరాలు వేసవి సెలవుల్లో అంకులిలో మామ్మ దగ్గర దిద్దుకున్నాను. కన్నడ వచ్చినవాడికి తెలుగు లిపి సగం వచ్చినట్టే అంటారు. చిక్కంతా ఆ మిగతా సగంలోనే ఉంది, పైగా తాతది గొలుసుకట్టు రాత.

మొదటి బగ్ "పద్మిని" అన్న పేరులోనే దొరికింది. 1962లో ఆ పేరుతో కారు లేనే లేదు. వాల్‌చంద్ హీరాచంద్ 1944లో పెట్టిన ప్రీమియర్ ఆటోమొబైల్స్ బొంబాయి కుర్లాలో 1954 నుంచి ఫియట్ 1100 తయారుచేసేది. 1964లో దాని ఆకారం మారి "డిలైట్" వచ్చింది. ఫియట్ పేరు పోయి ప్రీమియర్ పద్మిని అయింది 1970ల మధ్యలో. అంటే మనవాళ్ళు తర్వాత కాలంలో విన్న పేరుని తీసుకెళ్ళి పాత కథకి తగిలించారు. పాసుబుక్కులో తేదీ 1967 అక్టోబరు. ఖాతా పెదతాత పేరు మీద ఉంది. రెండు వేల రూపాయలు జమ, దాని మీద డీలరుకి తాకట్టు పెట్టినట్టు ముద్ర.

ఈ కాలం పిల్లలకి ఆ తాకట్టు సంగతి చెప్పాలి. అప్పట్లో కారు కొనాలంటే డబ్బుండడం ఒక్కటే చాలదు. స్వాతంత్ర్యం వచ్చాక మన దేశంలో కార్లు చేసేవాళ్ళు మిగిలింది ముగ్గురే. కలకత్తా దగ్గర ఉత్తరపారాలో హిందుస్తాన్ మోటార్స్ వాళ్ళ అంబాసిడర్, బొంబాయిలో ఫియట్, మద్రాసులో స్టాండర్డ్ హెరాల్డ్. అంతకు ముందు జనరల్ మోటార్స్ 1928 నుంచే బొంబాయిలో విడిభాగాలు తెప్పించి కార్లు బిగించేది, ఫోర్డు వాళ్ళూ అంతే. విడిభాగాలు కూడా ఇక్కడే చెయ్యాలి, లేదంటే సర్దుకోండి అని ప్రభుత్వం చెప్పేసరికి 1950ల మొదట్లో వాళ్ళు వెళ్ళిపోయారు. మిగిలిన ముగ్గురూ ఎన్ని కార్లు చెయ్యాలో లైసెన్సు చెప్పేది. ఉక్కుకీ, విదేశీ మారకానికీ అనుమతులు కావాలి. 1980 దాకా దేశం మొత్తం మీద ఏ ఏడాదీ కార్ల ఉత్పత్తి యాభై వేలు దాటలేదు. అడిగేవాళ్ళు లక్షల్లో, ఇచ్చేది వేలల్లో. బ్లాకు మార్కెట్టు పెరిగిపోతే 1959లో కేంద్రం కార్ల పంపిణీ మీదా అమ్మకం మీదా కంట్రోల్ ఆర్డరు తెచ్చింది. డీలరు దగ్గర వరస ప్రకారం పేరు రాయించుకోవాలి. డిపాజిట్ పోస్టాఫీసు సేవింగ్స్ ఖాతాలో వేసి, ఆ పాసుబుక్కుని డీలరు పేర తాకట్టు పెట్టాలి. సర్కారు కోటా వేరే ఉండేది. కారు ధర కూడా ప్రభుత్వమే కట్టేది. ఆ ధర గిట్టడం లేదని కంపెనీలు సుప్రీంకోర్టు దాకా వెళ్తే 1971లో తీర్పు వచ్చింది.

మూడింటిలో అందరికీ ఫియటే కావాలి. చిన్నది, పెట్రోలు తక్కువ తాగుతుంది. అందుకే క్యూ దానికే ఎక్కువ.

మనవాళ్ళు ఎటు చూస్తూ పెరిగారన్నది కూడా ఇక్కడ గుర్తుపెట్టుకోవాలి. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ప్రత్యేక రాష్ట్రం అయ్యేదాకా గంజాం జిల్లా మద్రాసు ప్రెసిడెన్సీలో ఉండేది. బరంపురం పట్టు నేసే మన తెలుగు కుటుంబాలకి సరుకైనా, సరదా అయినా మద్రాసు నుంచే రావాలి. పెదతాత పధ్నాలుగేళ్ళ వాడు అప్పటికి. రాత్రికి రాత్రి జిల్లా ఒక రాష్ట్రం నుంచి ఇంకో రాష్ట్రంలోకి వెళ్ళిపోయినా ఆయన మనసు మద్రాసులోనే ఉండిపోయింది. చీరల మూట పట్టుకుని మెయిల్లో మద్రాసు వెళ్ళి వచ్చేవాడు. మౌంట్ రోడ్డు మీద ఫియట్ చూసి, దాని తలుపు మూసుకునే చప్పుడు విని, అక్కడే నిలబడిపోయాడట. ఆ చప్పుడు ఎలా ఉంటుందో ఆయన నోటితో చేసి చూపించేవాడని మా నాన్న చెప్తారు.

పెదతాతకి ఇంగ్లీషు రాదు. ఫారాలు నింపిందీ, డీలరుకి ఉత్తరాలు రాసిందీ, పోస్టాఫీసుకి వెళ్ళిందీ తమ్ముడు, అంటే మా తాత. కాగితాలన్నీ తాత పెట్టెలో ఉన్నది అందుకే. మా వైపు కథలో తాత "బుక్ చేశాడు" అన్నమాట అలా పుట్టుంటుంది. చేతిరాత ఆయనది, పేరు అన్నగారిది.

పాసుబుక్కులో ఆ రెండు వేలూ ఏడేళ్ళు కదలకుండా ఉన్నాయి. ఏటేటా వడ్డీ పడుతూ వచ్చింది, అంతే. ఈ ఏడేళ్ళలో మన ఇంట్లో రెండు పెళ్ళిళ్ళు, ఒక చావు, ఇంటికి కొత్త పెంకు. దేనికీ ఆ డబ్బు ముట్టుకోలేదు. బరంపురంలోనే పుట్టిన వి. వి. గిరి గారు ఈ ఏడేళ్ళ మధ్యలో రాష్ట్రపతి అయిపోయారు, మన వంతు మాత్రం రాలేదని పెదతాత నవ్వేవాడట. కన్నడంలో "తాళిదవను బాళియాను" అంటారు, తాళుకున్నవాడే బతుకుతాడని. తెలుగులోనూ తాళిమి ఉంది. ఒకే మాట రెండు భాషల్లో ఎలా ఉందో చూడండి. పక్కదోవ పట్టాను గానీ, ఇలాంటివి కనిపిస్తే నేను ఆగలేను.

పోస్టుకార్డు 1974 జూన్‌ది. మీ వంతు వచ్చింది, మిగతా సొమ్ము కట్టి కారు తీసుకోవచ్చు అని డీలరు రాశాడు. ఇక్కడ నాకొక అనుమానం వచ్చింది. ఫియట్‌కి అంతకన్నా ఎక్కువ ఏళ్ళు ఆగినవాళ్ళ కథలు చాలా విన్నాను, మనకి ఏడేళ్ళకే ఎలా వచ్చింది? జవాబు అరబ్బు దేశాల్లో ఉంది. 1973 అక్టోబరులో యుద్ధం మొదలై, చమురు దేశాలు ధర పెంచేశాయి. నవంబరుకల్లా మన దగ్గర పెట్రోలు ధర ఎంత ఎగిరిందంటే, అటల్ బిహారీ వాజపేయి నిరసనగా పార్లమెంటుకి ఎడ్లబండి మీద వచ్చారు. క్యూలో ముందున్నవాళ్ళు చాలామంది వద్దనేశారు. వరస ఒక్కసారిగా ముందుకి జరిగింది. ఏళ్ళ తరబడి దొరకని కారు, కొనేవాళ్ళు లేనప్పుడు దొరికింది.

పెదతాత వద్దనేశాడు. "కొనగలను, పొయ్యలేను" అన్నాడట, పెట్రోలు గురించి. ఇంతవరకూ మా వైపు కథ నిజమే. డబ్బు వెనక్కి తీశాడు, అయిదు రూపాయలు ఉంచి ఖాతా అలాగే వదిలేశాడు.

ఇప్పుడు తాత చిట్టా చూడండి. అదే 1974, అదే జులై, నాలుగు రోజుల తేడాలో ఒక పద్దు: "అన్నయ్య వద్ద రొక్కం రూ. 2,000. బెంగళూరు నూలు బాకీకి." బరంపురం చీరకి కావలసిన పట్టు నూలు కర్ణాటక నుంచి వస్తుంది. ఆ ఏడాది తాత బెంగళూరు వర్తకుడికి బాకీ పడ్డాడు. ఆ బాకీ తీరింది గనకే వర్తకుడితో సంబంధం చెడలేదు, రెండేళ్ళకి మా నాన్న అదే కొట్లో గుమాస్తాగా చిక్కపేటలో చేరారు, నేను బెంగళూరులో పుట్టాను, కన్నడ మీడియంలో చదివాను. ఇవన్నీ రాయడానికి నాకు తీరిక దొరికిందంటే, ఒక ముసలాయన కారు డిపాజిట్ పెట్టుబడిగా పెట్టినట్టే.

చిట్టాలో తర్వాతి పేజీలన్నీ తిప్పాను, 1983 దాకా. ఆ రెండు వేలు తిరిగి ఇచ్చినట్టు ఎక్కడా లేదు. అంటే నలభై ఏళ్ళుగా బాధపడాల్సింది మా ఇల్లు కాదు, వాళ్ళది.

ఇక కారు ఎలా వచ్చిందో చెప్తాను. సంజయ్ గాంధీ 1971లో మొదలుపెట్టిన మారుతి కంపెనీ ఒక్క కారూ అమ్మకుండానే మూతపడితే, 1980లో కేంద్రం దాన్ని తీసుకుంది. 1981లో మారుతి ఉద్యోగ్ ఏర్పడింది. 1982 అక్టోబరులో జపాన్ సుజుకీతో ఒప్పందం. 1983 ఏప్రిల్లో పదివేలు డిపాజిట్ కట్టించుకుని బుకింగులు మొదలుపెడితే, రెండు నెలల్లో లక్షకు చాలా పైగా జనం కట్టారు, కారు ఇంకా ఫ్యాక్టరీ బయటికి రాకుండానే. కంప్యూటర్ లాటరీలో వరస తేల్చారు. అదే ఏడాది డిసెంబరు 14న ఇందిరాగాంధీ మొదటి బండి తాళాలు ఢిల్లీకి చెందిన హర్‌పాల్ సింగ్ అనే ఆయన చేతికిచ్చారు. ఆయన 2010లో పోయేదాకా ఆ కారు అమ్మలేదు. మూడు సిలిండర్ల 796 సీసీ ఇంజను, ముందు చక్రాలు లాగే బండి. అంబాసిడర్ నడిపినవాళ్ళు "ఇదేం బండి, అగ్గిపెట్టె" అన్నారు, అని తామే వెళ్ళి పేరు రాయించుకున్నారు.

అరవై ఒకటో ఏట పెదతాత మళ్ళీ క్యూలో నిలబడ్డాడు. ఈసారి ఫారం నింపింది ఆయన కొడుకు, మా పెదనాన్న. తమ్ముడిని అడగలేదు.

మూడేళ్ళు ఆగాడు. ఆగినందుకు ఒక లాభం కలిగింది. 1986లో మారుతి 800 ఆకారం మారి కొత్త మోడల్ వచ్చింది, మనది ఆ కొత్తదే. రంగు ఎంచుకునే వీలు లేదు, ఇచ్చిన తెలుపే తీసుకున్నారు. పెదతాత, పెదమామ్మ, పెదనాన్న ముగ్గురూ రైల్లో భువనేశ్వర్ వెళ్ళారు. అంతకు ముందు ఎవరిదో కాంట్రాక్టరు జీపు మీద పెదనాన్న డ్రైవింగ్ నేర్చుకున్నాడు. తిరుగు దారంతా, ఖుర్దా, బాలుగావ్, పక్కన చిలికా, రంభ, గంజాం దగ్గర రుషికుల్య వంతెన, ఛత్రపురం, ఎక్కడా నలభై దాటనివ్వలేదట పెదతాత. లారీవాళ్ళు హారన్ కొట్టి తిట్టుకుంటూ దాటిపోతుంటే ఆయన మాత్రం కిటికీ అద్దం ఎక్కించి దించి, ఎక్కించి దించి చూసుకుంటూ కూర్చున్నాడు. పొద్దున్న బయల్దేరినవాళ్ళు అంకులి చేరేసరికి దీపాలు పెట్టేశారు. వీధి వీధంతా నిలబడి ఉంది. బండి దిగి తలుపు మూసి, ఆ చప్పుడు విని, మళ్ళీ తెరిచి మళ్ళీ మూశాడట. "ఫియట్ చప్పుడు కాదు. ఫర్లేదు" అన్నాడు.

మర్నాడు బుఢీ ఠాకురాణి గుడికి పూజకి తీసుకెళ్ళారు. చక్రాల కింద నిమ్మకాయలు, బానెట్ మీద పసుపు కుంకుమ. ఇంటిల్లిపాదినీ రెండు మూడు విడతల్లో ఎక్కించుకుని వెళ్ళారు. మా తాత ఒక్కడే ఎక్కలేదు. "నేను నడిచొస్తాను" అని కారు వెనకే చెప్పులు పట్టుకుని నడిచాడు. 1991లో పోయేదాకా ఆయన ఆ కారెక్కలేదు. మామ్మ నిట్టూర్పు అసలు ఇక్కడ మొదలైంది.

కోపం వల్ల ఎక్కలేదని మేమంతా అనుకున్నాం. చిట్టా చదివాక నేను వేరేలా అనుకున్నాను. ఇవ్వాల్సిన డబ్బు ఇవ్వనివాడు ఏ మొహంతో ఎక్కుతాడు? సిగ్గు అనుకున్నాను.

మధ్యలో నానో సంగతి త్వరగా చెప్పేస్తాను. 2009 ఏప్రిల్లో లక్ష రూపాయల కారుకి రెండు లక్షల పైన బుకింగులు వచ్చి మళ్ళీ లాటరీ తీశారు. మన బంధువుల్లో ఒకరికి తగిలింది. సింగూరు నుంచి ఫ్యాక్టరీ సానంద్ మారడం వల్ల బండి ఆలస్యమైంది. అంతే, దాని మీద మనింట్లో తగువులేం లేవు.

నేను సొంతంగా కారు బుక్ చేసింది 2021 అక్టోబరులో. లైసెన్సు రాజ్యం పోయి ముప్ఫై ఏళ్ళయింది, డబ్బిస్తే కారు ఇవ్వాలి కదా? ఇవ్వలేదు. కోవిడ్‌లో కార్ల కంపెనీలు చిప్‌ల ఆర్డర్లు తగ్గించుకుంటే, చిప్‌లు చేసేవాళ్ళు ల్యాప్‌టాప్‌లకీ ఫోన్లకీ ఇచ్చేశారు. 2021 మార్చిలో జపాన్‌లో రెనెసాస్ వాళ్ళ చిప్ ఫ్యాక్టరీలో మంటలు కూడా అంటుకున్నాయి. నాకు పదమూడు నెలలు పట్టింది. అప్పుడే 2022 జులై 30న స్కార్పియో-ఎన్‌కి అరగంటలో లక్ష బుకింగులు వచ్చాయని చదివి, పెదతాత పాసుబుక్కు గుర్తొచ్చింది. క్యూ పోలేదు, పోస్టాఫీసు నుంచి ఫోన్‌లోకి మారింది. డిపాజిట్ వెనక్కి కావాలంటే ఒక బటన్ నొక్కితే చాలు. ఎన్నోసార్లు నొక్కబోయాను కూడా.

బండి చేతికొచ్చిన నెలకి, 2022 డిసెంబరులో, బెంగళూరు నుంచి అంకులి నడుపుకుంటూ వెళ్ళాను. విజయవాడలో ఒక రాత్రి పడుకుని రెండో రోజు సాయంత్రానికి చేరాను. బరంపురం పెరిగి పెరిగి అంకులి దాకా వచ్చేసింది, ఓడీ-07 నంబర్ల మధ్య నా కేఏ నంబరు బండి వింతగా కనబడింది. తిన్నగా మా ఇంటికి వెళ్ళలేదు. పెదనాన్న ఇంటి ముందు ఆపాను. ఆయనకి డెబ్భై ఏడేళ్ళు. చిట్టా, పాసుబుక్కు రెండూ ఒళ్ళో పెట్టి, బాకీ సంగతి చెప్పి, వడ్డీతో లెక్క కట్టి తెచ్చానని కవరు కూడా తీశాను.

ఆయన కళ్ళజోడు పెట్టుకుని పద్దు చదివాడు. చదివి నవ్వాడు.

"ఇది తీరిపోనాదిరా. డెబ్భై ఏడులో మా చెల్లి పెళ్ళికి పట్టుచీరలన్నీ మీ తాతే నేయించీసేడు. ఒక్క పైసా తీసుకోనేదు. చిట్టాలో రాయనేదేటి?"

రాయలేదు. చీరలు రొక్కం కాదు కాబట్టి రొక్కం చిట్టాలో ఎక్కలేదు. నా టెస్టులో నేను చూడనే చూడని దారి అది.

"మరి తాత కారెందుకు ఎక్కలేదు పెదనాన్నా?"

"ఆడికి కారెక్కితే కడుపులో తిప్పుతాదిరా. మద్రాసు టాక్సీలో ఓసారి మా నాన్న పంచె మీదే కక్కీసేడు. కొత్త బండి పాడవుతాదని ఎక్కలేదు. మీ మామ్మకి చెప్పుకోడానికి సిగ్గు."

ఇది నిజమో, నా కవరు తీసుకోకుండా ఉండడానికి ఆయన అప్పటికప్పుడు అల్లిన మాటో నాకు తెలీదు. చీరల మాట మాత్రం అత్తని అడిగాను, నిజమే. ఆవిడ దగ్గర ఇంకా రెండున్నాయి, ఫోటో పంపింది.

పెదనాన్న కవరు నా జేబులో పెట్టేసి, చెప్పులేసుకుని, ముందు సీట్లో ఎక్కి కూర్చున్నాడు. సీటు బెల్టు నేనే పెట్టాల్సొచ్చింది. తలుపు తెరిచి మూశాడు, మళ్ళీ తెరిచి మూశాడు. ఏం అనలేదు. గుడికి పోనిమ్మన్నాడు.